వైద్యం ముగిసిన తరువాతి ప్రశ్న: వులిమిరి రామలింగస్వామి జీవితం

చావు అంచున ఉన్న పసిబిడ్డను బ్రతికించిన వైద్యుని లోకం కొనియాడుతుంది. అది న్యాయమే. కాని ఆ బిడ్డ ఆసుపత్రి విడిచి ఇంటికి పోయిన తరువాత ఏమైనది, ఆరు నెలలకు నిలదొక్కుకొన్నదా, ఏడాదికి మాటలు నేర్చినదా, బడి ఈడు వచ్చినప్పుడు తోటివారితో సమానంగా చదువుకొన్నదా, లేక అదే ఇంట అదే గంజిముంత ముందు కూర్చుండి పోయిన రోగాన్ని తిరిగి తెచ్చుకొన్నదా అని విచారించేవారు అరుదు. ఆకలి రోగానికి మందు ఆహారమేనని అందరికీ తెలుసు. ఆ మందు ఎన్నాళ్లు ఇవ్వాలి, ఎవరు ఇవ్వాలి, ఇచ్చిన తరువాత బిడ్డను ఎవరు కనిపెట్టి ఉండాలి అన్నది మాత్రం నేటికీ తీరని ప్రశ్న. ఈ ప్రశ్నను శరీరకణం నుండి కుటుంబం దాకా, ప్రయోగశాల నుండి దేశదేశాల దాకా వెంట తీసుకొని పోయిన తెలుగువారు ఒకరున్నారు. ఆయన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

రామలింగస్వామి 1921వ సంవత్సరం ఆగస్టు 8వ తేదీన శ్రీకాకుళంలో జన్మించారు. అప్పటికి ఆ ఊరు చికాకోల్ అనే పేరుతో గంజాం జిల్లాలో ఉండేది. శ్రీకాకుళం పేరిట వేరు జిల్లా ఏర్పడినది 1950లో. ఇచ్ఛాపురం మొదలు తడ వరకు సాగిన తెలుగు సముద్రతీరానికి ఉత్తరపు కొనలో నాగావళి ఒడ్డున ఉన్న ఆ చిన్న పట్టణంలో పుట్టిన బాలుడు, వైద్యవిద్య కోసం విశాఖపట్నం చేరి, ఆంధ్ర వైద్య కళాశాలలో 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పట్టాలు పొందారు. ఆయన విద్యార్థిగా ఉన్న రోజులలోనే, 1943లో, బంగాళాఖాతానికి ఆవలి కొనన వంగదేశపు కరవు లక్షలాది ప్రజలను పొట్టన పెట్టుకొన్నది. ఆకలి అనేది రాజకీయ వక్తలకు మాత్రమే గాక వైద్యులకు కూడా చర్చనీయమైన విషయమని ఆ తరం యువవైద్యులకు పుస్తకాలు చెప్పనక్కర లేకపోయినది.

ఎం.డి. పట్టా చేతికి వచ్చిన తరువాత ఆయన నగరంలో వైద్యాలయం తెరచి ధనమార్జించవచ్చును. దానికి మారుగా 1947లో నీలగిరి కొండలమీది కూనూరుకు పోయి, అక్కడి పోషకాహార పరిశోధనాలయంలో చేరారు. ఈ సంస్థ చరిత్ర కొంత చెప్పుకోదగినది. 1918లో రాబర్ట్ మెక్కారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు బెరిబెరి వ్యాధిని గురించి విచారించటానికి కూనూరులో ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన పని, క్రమంగా పెరిగి, దేశం మొత్తానికి ఆహార పరిశోధన కేంద్రమైనది. 1958లో అది హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొంది, తార్నాకలో నేటికీ పనిచేస్తున్నది. ఇట్లు, కూనూరు కొండమీద రామలింగస్వామి అడుగుపెట్టిన పరిశోధనాలయం కొంతకాలానికి తెలుగునేలకే వచ్చి చేరినది.

కూనూరు నుండి ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ హ్యూ సింక్లెయిర్ అనే పోషణశాస్త్రజ్ఞునితో కలిసి, ఎ విటమిను, కొన్ని అత్యవసరమైన కొవ్వుపదార్థాలు లోపించినప్పుడు చర్మానికి కలిగే మార్పులను ఎలుకలలో పరిశీలించి, 1951లో డాక్టరేటు సాధించారు. ఆయన అభిమాన విషయం పాథాలజీ. అనగా రోగం శరీరంలోని అవయవాలను, కణాలను ఏ విధంగా మార్చుతున్నదో సూక్ష్మదర్శినిలో చూసి తెలుసుకొనే శాస్త్రం. ఈ శాస్త్రం నేర్చినవారికి సాధారణంగా రోగి కనిపించడు. గాజుపలకమీది తునక మాత్రమే కనిపిస్తుంది. రామలింగస్వామి విశిష్టత ఏమిటంటే, ఆ తునక వెనుక బిడ్డను, బిడ్డ వెనుక తల్లిని ఆయన ఎన్నడూ మరచిపోలేదు.

ఆ కాలంలో పోషణశాస్త్రజ్ఞులను కలవరపెడుతున్న వ్యాధి క్వాషియోర్కర్. జమైకా ద్వీపంలో పుట్టిన సిసిలీ విలియమ్స్ అనే వైద్యురాలు, ఆఫ్రికాలోని గోల్డుకోస్టులో, అనగా నేటి ఘనా దేశంలో, పనిచేస్తూ 1933లో ఈ వ్యాధిని శాస్త్రలోకానికి వివరించినది. 1935లో దానికి అక్కడి గా భాషలోని పేరునే వాడినది. చెల్లెలో తమ్ముడో పుట్టగా, తల్లి రొమ్ముకు దూరమైన పెద్దబిడ్డకు వచ్చే జబ్బు అని ఆ మాటకు భావం. కాళ్లు, మొగం నీరుపట్టి ఉబ్బుతాయి. జుట్టు రంగు మారి పలచబడుతుంది. చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంది. బిడ్డ నవ్వదు, ఆడదు, ఆకలి అనదు. చూసేవారికి ఉబ్బిన ఒళ్లు పుష్టిగా కనిపించి మోసం చేస్తుంది. దీనికి భిన్నంగా ఎముకలమీద చర్మం తప్ప మరేమీ మిగలకుండా ఎండిపోయే స్థితికి మరాస్మస్ అని పేరు. ఈ రెండు రూపాలనూ కలిపి ఇప్పుడు తీవ్ర పోషకాహార లోపమంటున్నారు.

ఈ వ్యాధి భారతదేశంలోనూ ఉన్నదని, దక్షిణాది పేద ఇండ్లలో అది సామాన్యమేనని స్థాపించినవారిలో డాక్టర్ గోపాలన్, రామలింగస్వామి ముఖ్యులు. ఈ దేశపు క్వాషియోర్కర్‌ను గురించి వారిద్దరూ కలిసి రచించిన వ్యాసం 1955లో వెలువడినది. గోపాలన్ రోగి శయ్య ప్రక్కన నిలిచిన వైద్యుడు. రామలింగస్వామి సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నవారు. ఒకే బిడ్డను ఇద్దరూ రెండు వైపుల నుండి చూశారు.

సూక్ష్మదర్శినిలో కనిపించినది భయపెట్టే దృశ్యమే. క్వాషియోర్కర్ సోకిన బిడ్డ కాలేయం కొవ్వుతో నిండి, వాచి ఉంటుంది. ఆనాటి పండితులలో పలువురు ఈ కొవ్వుపట్టిన కాలేయమే కాలక్రమంలో గట్టిపడి సిరోసిస్ అనే ప్రాణాంతక వ్యాధిగా పరిణమిస్తుందని తలచేవారు. వెచ్చని దేశాలలోని పేదలలో కాలేయ వ్యాధులు అధికంగా ఉండటానికి పసితనపు ఆకలే మూలమని కూడా ఒక సిద్ధాంతం ప్రబలి ఉండెను. ఇది నిజమైతే ఆ బిడ్డల గతి ఏమి? వారిని పాలతో, పప్పుతో బ్రతికించి ఇంటికి పంపటం, ఇరవై యేండ్ల తరువాత రాబోయే మరణాన్ని వాయిదా వేయటం మాత్రమే అవుతుంది.

ఈ సందేహాన్ని తీర్చటానికి ఒకే ఒక మార్గమున్నది. నయమైన బిడ్డలను మరవకుండా, వారిని తిరిగి పిలిపించి, వారి కాలేయాన్ని మరల పరీక్షించాలి. కూనూరు బృందంలోని శ్రీకంఠయ్య, శ్రీరామాచారి, గోపాలన్ ఆ పనే చేశారు. చికిత్స పొందిన 15 మంది బిడ్డలను కనిపెట్టి చూసి 1958లో ఫలితాలు ప్రకటించారు. కొవ్వు కరిగిపోయినది, కాలేయం గట్టిపడే వ్యాధి వారిలో తలయెత్తలేదు. ఢిల్లీ చేరిన తరువాత రామలింగస్వామి తన సహచరులతో కలిసి కోతులకు మాంసకృత్తులు లేని ఆహారమిచ్చి చేసిన ప్రయోగాలు కూడా ఈ దిక్కునే సూచించినవి. మాంసకృత్తుల కొరత కాలేయాన్ని కొవ్వుతో నింపగలదు గాని, తానొక్కటే దానిని సిరోసిస్‌గా మార్చలేదు అన్న నిర్ణయానికి ఆయన వచ్చారు. 1964లో ప్రకటించిన తన సమీక్షలో మాంసకృత్తుల లోపాన్ని గురించిన జ్ఞానాన్నంతటినీ క్రోడీకరించారు. పేదబిడ్డ కాలేయానికి తిరిగి కోలుకొనే శక్తి ఉన్నదన్న ఈ వార్త చిన్నది కాదు. కోలుకొనే శక్తి ప్రకృతి ఇచ్చినప్పుడు, కోలుకోనీయని బాధ్యత మనుష్యులదే అవుతుంది.

ఇక్కడే మరొక చిక్కు ఎదురైనది. ఆసుపత్రిలో బిడ్డకు పాలపొడి పోసి బ్రతికించవచ్చును. ఇంటివద్ద పాలు కొనే శక్తి లేని తల్లి ఏమి చేస్తుంది? ఆసుపత్రిలో తిన్నది ఇంట దొరకనప్పుడు, ఆ వైద్యం గుమ్మం దాటగానే ముగిసినట్లే. అందుచేత గోపాలన్ బృందం పాలకు బదులు పప్పుధాన్యాలలోని మాంసకృత్తులతో చికిత్స చేయవచ్చునా అని పరీక్షించి, చేయవచ్చునని 1956లో చూపినది. వైద్యాన్ని పేదవాని వంటింటికి సరిపోయేటట్లు మలచటమన్న ఈ దృష్టి రామలింగస్వామి తరువాతి జీవితమంతటా కనిపిస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలిలో కొంతకాలం పనిచేసిన పిమ్మట, 1957లో ఆయన ఢిల్లీలో అప్పుడే నెలకొన్న అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పాథాలజీ ఆచార్యులయ్యారు. ఆ కాలంలో ఆయన ప్రసిద్ధికి కారణమైనది కాంగ్రా లోయలో జరిపిన గళగండ పరిశోధన. నేడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉన్న ఆ లోయ అప్పుడు పంజాబులో ఉండేది. కొండనీటిలో, నేలలో అయోడిన్ తక్కువైనందువల్ల అక్కడి జనులకు మెడముందు వాపు పుట్టేది. అయోడిన్ లోపం మెడకు వాపు తెచ్చి ఊరుకోదు. గర్భస్థ శిశువు మెదడును కూడా మందగింపజేస్తుంది. సుమారు లక్షమంది జనులున్న ఆ ప్రాంతాన్ని 1956లో మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడవదానికి మామూలు ఉప్పు పంపిణీ చేయించారు. బడిపిల్లల మెడలు పరీక్షించి లెక్కలు వ్రాసుకొన్నారు. మొదట మూడు భాగాలలోనూ నూటికి దాదాపు 40 మందికి వాపు ఉండెను. 1962లో తిరిగి చూడగా, అయోడిన్ ఉప్పు తిన్న భాగాలలో అది సగానికి సగం తగ్గినది. మామూలు ఉప్పు తిన్నవారిలో మార్పు లేదు. వెంటనే ఆ మూడవ భాగానికి కూడా అయోడిన్ ఉప్పు ఇవ్వటం ప్రారంభించారు. 1968లో మరల వెళ్లి చూసినప్పుడు మూడు చోట్లా వ్యాధి ఇంకా తగ్గినది. ఆ ఏడే, అనగా 1962లోనే, దేశవ్యాప్తంగా గళగండ నివారణ పథకం మొదలైనది.

ఈ పరిశోధనలో విద్యార్థులు గమనించవలసినది ఒకటున్నది. ఉప్పులో అయోడిన్ కలపటం గొప్ప ఆవిష్కారం కాదు. ఇతర దేశాలలో అంతకు ముందే తెలిసినదే. ఆరేండ్లకు, పన్నెండేండ్లకు అదే లోయకు, అదే బడులకు తిరిగి వెళ్లి, ఇచ్చినది పనిచేసినదా అని చూడటమే ఇందులోని గొప్పతనం. ఇచ్చి మరచిపోవటం దానధర్మం కావచ్చును. ఇచ్చి, తిరిగి వెళ్లి చూడటమే శాస్త్రం.

1966-67లో బీహారు రాష్ట్రంలో వానలు లేక కరవు వచ్చినప్పుడు రామలింగస్వామి తన సహచరులతో అక్కడికి పోయి, ఆకలి వల్ల జనులకు కలిగిన మార్పులను పరిశీలించారు. ప్రభుత్వం, ప్రజాసంస్థలు కలిసి వంటశాలలు నడిపినందున 1943 నాటి ఘోరం తిరిగి జరగలేదు. ఐనా, కరవు లేని సంవత్సరంలో కూడా ఈ దేశపు బిడ్డలలో అధికసంఖ్యాకులు అర్ధాకలితో ఉండటమే మరింత లోతైన సమస్య అని ఆయన వంటివారికి స్పష్టమైనది. కరవును వార్తాపత్రికలు చూస్తాయి. నిత్యపు అర్ధాకలిని ఎవరూ చూడరు.

ఇంతలో హైదరాబాదుకు వచ్చిన పాత పరిశోధనాలయంలో మరొక ప్రశ్న పుట్టినది. కాలేయం కోలుకొన్నది, మరి బుద్ధి? 1968లో చంపకం, శ్రీకంఠయ్య, గోపాలన్ ప్రకటించిన పరిశోధన ఇప్పటికీ ప్రపంచ పండితులు పేర్కొనేది. ఒకటిన్నర, మూడేండ్ల మధ్య వయస్సులో క్వాషియోర్కర్‌కు చికిత్స పొంది బ్రతికిన 19 మంది బిడ్డలను, వారు 8 నుండి 11 ఏండ్ల వయస్సు వారైన తరువాత వెదకి పట్టుకొన్నారు. ఒక్కొక్క బిడ్డకు జతగా, వయస్సులో, కులమతాలలో, ఇంటి స్థితిలో, తల్లిదండ్రుల చదువులో సమానులైన ముగ్గురు పిల్లలను ఎంచి, అందరికీ బుద్ధిపరీక్షలు పెట్టారు. ఒకప్పుడు రోగం పడినవారు వెనుకబడే ఉన్నారు. చూసిన దానిని గ్రహించటంలో, కనిపించని దానిని ఊహించటంలో ఆ వెనుకబాటు స్ఫుటంగా కనిపించినది. ఐతే ఎనిమిది తొమ్మిదేండ్ల వారిలో ఎక్కువగా ఉన్న తేడా పది పదకొండేండ్ల వారిలో తగ్గినది.

ఈ ఫలితాన్ని జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఒక్కసారి వచ్చిన రోగమే బుద్ధిని దెబ్బతీసినదని దీనివల్ల నిశ్చయంగా చెప్పరాదు. ఆ బిడ్డలు నయమై తిరిగి వెళ్లినది అదే ఇంటికి. అక్కడి కొరత రోగానికి ముందూ ఉన్నది, తరువాతా ఉన్నది. మంచంపట్టిన బిడ్డ నెలల తరబడి ఆటకు, మాటకు దూరమవుతుంది. అదీ ఒక నష్టమే. కాని రెండు సంగతులు తేటతెల్లమైనవి. ఆసుపత్రి నుండి పంపిన రోజున బరువు సరిపోయినంత మాత్రాన బిడ్డ నయమైనట్లు కాదు. ఏండ్లు గడచిన కొద్దీ తేడా తగ్గుతున్నదంటే, తరువాతి కాలంలో చేయగలిగినది ఇంకా మిగిలి ఉన్నది. బడిలో పాఠం అందుకోలేని పిల్లవానిని మందమతి అని త్రోసివేసే ముందు, వాని రెండవ యేట ఏమి జరిగినదో ఉపాధ్యాయుడు ఆలోచించటానికి ఈ పరిశోధన కారణమిస్తున్నది.

రామలింగస్వామి 1969 నుండి పదేండ్లు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా ఉండి, 1979లో భారత వైద్య పరిశోధన మండలికి అధినేత అయ్యారు. 1986 వరకు ఆ పదవిలో ఉన్నారు. ఆ కాలంలో ఆయన నాయకత్వాన, వైద్య పరిశోధన మండలి, సామాజిక శాస్త్ర పరిశోధన మండలి కలిసి నియమించిన అధ్యయన బృందం, అందరికీ ఆరోగ్యం అనే లక్ష్యానికి వేరొక మార్గాన్ని సూచిస్తూ 1981లో ఒక నివేదిక వెలువరించినది. పెద్ద నగరాలలో పెద్ద ఆసుపత్రులు కట్టినంత మాత్రాన జాతి ఆరోగ్యం బాగుపడదని, గ్రామంలో, గ్రామప్రజల చేతుల మీదుగా సాగే సేవే పునాది అని దాని సారాంశం. దేశంలోని పెద్ద ఆసుపత్రులలో ఒకదానిని పదేండ్లు నడిపినవారే ఈ మాట చెప్పటం గమనింపదగినది.

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్ నగరంలో విషవాయువు వెలువడి వేలాదిమందిని బలిగొన్నది. అప్పుడు కూడా ఆ రాత్రి చికిత్సతో పని ముగిసినదని ఆయన సంస్థ భావించలేదు. 80,000కు పైగా బాధితులను జాబితా వేసి, వారి ఆరోగ్యాన్ని ఏడాది వెంబడి ఏడాది కనిపెట్టి చూసే దీర్ఘ పరిశోధన 1985లో ప్రారంభమై 1994 వరకు సాగినది. కూనూరులో 15 మంది బిడ్డల విషయంలో వేసిన ప్రశ్నే, భోపాల్‌లో ఒక నగరమంతటి విషయంలో వేయవలసి వచ్చినది. కూనూరు నాటి సహచరుడు శ్రీరామాచారి భోపాల్ మృతుల అవయవాలను పరీక్షించే భారాన్ని వహించారు.

బిరుదులు ఆయనను వెదకుకొంటూ వచ్చినవి. 1965లో భట్నాగర్ బహుమతి, 1969లో పద్మశ్రీ, 1971లో పద్మభూషణ్, 1976లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి లియోన్ బెర్నార్డ్ బహుమతి, 1986లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వం వానిలో కొన్ని. కాని బిరుదులతో తృప్తిపడి విశ్రమించే స్వభావం ఆయనది కాదు. డెబ్బది అయిదవ యేట ఆయన వేసిన ప్రశ్న, అంతకు ముందు వేసిన అన్నింటికంటె పెద్దది.

1996లో యునిసెఫ్ సంస్థ వెలువరించిన వార్షిక గ్రంథంలో, అర్బన్ జాన్సన్, జాన్ రోడ్ అనే ఇద్దరితో కలిసి ఆయన ఆసియా చిక్కుముడి అనే అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం వ్రాశారు. ప్రపంచంలోని పోషణ లోపించిన బిడ్డలలో సగంమంది భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ అనే మూడు దేశాలలోనే ఉన్నారు. ఆఫ్రికాలో బీదరికం తక్కువ కాదు, పంటలు హెచ్చు కాదు. ఐనా అక్కడి బిడ్డల కంటె ఇక్కడి బిడ్డలే ఎక్కువగా చిక్కిపోవటం ఎందుకు? బీదరికమొక్కటే దీనికి చాలిన కారణం కాదు. మాంసం తినకపోవటమూ కారణం కాదు. పుట్టుకలోనే ఈ తేడా మొదలవుతున్నదని వారు చూపారు. ఆనాటి లెక్కల ప్రకారం భారతదేశంలో సుమారు మూడవవంతు బిడ్డలు తక్కువ బరువుతో పుట్టేవారు, ఆఫ్రికాలో ఆరవవంతు. గర్భవతిగా ఉన్నప్పుడు ఆఫ్రికా స్త్రీ దాదాపు 10 కిలోల బరువు పెరిగితే, మన స్త్రీ 5 కిలోలకు కొంచెం ఎక్కువ మాత్రమే పెరుగుతుంది.

ఎందుకు పెరగదు? అందరూ తిన్న తరువాత మిగిలినది తినటం మన ఇండ్లలో ఇల్లాలి ధర్మమైపోయినది. రక్తహీనతతోనే పెండ్లి, రక్తహీనతతోనే కాన్పు. ఏమి వండాలో నిర్ణయించేది ఒకరు, ఎంత ఖర్చు పెట్టాలో నిర్ణయించేది ఇంకొకరు, బిడ్డకు తినిపించవలసినది మాత్రం తల్లి. ఆమెకు తీరికా లేదు, చేతిలో డబ్బూ లేదు, మాటకు విలువా లేదు. దీనికి తోడు పరిసరాల అపరిశుభ్రత. బిడ్డల ఆకలికి మూలం తల్లుల స్థితిలో ఉన్నదని ఆ వ్యాసం చేసిన నిర్ణయం. తరువాతి పండితులు దీనికి మరికొన్ని కారణాలు జోడించారు, కొన్నింటితో విభేదించారు. బహిరంగ మలవిసర్జన ప్రభావం మీద చర్చ విశేషంగా సాగినది. కాని, పోషణ సమస్యను ఎవరు చర్చించినా ఆ వ్యాసాన్ని దాటి పోలేరు. సూక్ష్మదర్శినిలో కాలేయపు తునకతో మొదలైన చూపు, యాభై యేండ్లకు తల్లి కంచం మీద నిలిచినది.

2001వ సంవత్సరం మే 28వ తేదీన రామలింగస్వామి ఢిల్లీలో కన్నుమూశారు.

ఆయన వేసిన ప్రశ్న ఆయనతో పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో ప్రకటించిన చికిత్సా విధానంలో తీవ్ర పోషకాహార లోపానికి పది మెట్లున్నవి. ఒంట్లో చక్కెర పడిపోకుండా చూడటం, ఒళ్లు చల్లబడకుండా కాపాడటం, అంటువ్యాధులకు మందివ్వటం, కొద్దికొద్దిగా తినిపించటం, తరువాత బలంగా తినిపించటం, ఆటపాటలతో మనస్సును మేల్కొల్పటం తొమ్మిది మెట్లలో వస్తాయి. పదవ మెట్టు, ఇంటికి పోయిన తరువాత కనిపెట్టి ఉండటానికి ఏర్పాటు చేయటం. కాగితం మీద చివరనున్న ఈ మెట్టే ఆచరణలో మొదట జారిపోతున్నది. మలావీ దేశంలో 2006-07లో ఒక పెద్ద ఆసుపత్రిలో చేరిన 1,024 మంది బిడ్డలను ఏడాది తరువాత వెదకగా, మొత్తం మీద నూటికి 42 మంది చనిపోయినట్లు తేలినది. వారిలో పలువురు చనిపోయినది వార్డులో కాదు. ఇంటికి పోయిన తరువాత. అక్కడ ఎయిడ్స్ వ్యాధి కూడా తీవ్రంగా ఉండుట ఇందుకొక కారణమైనా, ఆసుపత్రి లెక్కలలో నయమైనవారు అని వ్రాసుకొన్న పేర్లలో ఎన్ని నిలిచినవో ఎవరో ఒకరు వెళ్లి చూసినందువల్లనే ఆ నిజం తెలిసినది.

రామలింగస్వామి పుట్టిన తీరానికి దక్షిణాన ఉన్న నెల్లూరు సముద్రపుటొడ్డును తీసుకొని ఈ మాటను పరీక్షించవచ్చును. మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నె వంటి ఊళ్లలో ఎందరికో జీవనాధారం వేట. చేపలు గ్రుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యంత్రపు పడవలు సముద్రంలోకి పోరాదని నియమమున్నది. అటువంటి తీరగ్రామంలోని ఒక బిడ్డ ఏప్రిల్ మొదటివారంలో పోషకాహార పునరావాస కేంద్రం నుండి నయమై ఇంటికి వచ్చినదనుకొందాము. బిడ్డ జబ్బ చుట్టుకొలత 115 మిల్లీమీటర్లకు తక్కువగా ఉన్నప్పుడు చేర్చుకొని, 125కు పెరిగిన తరువాత పంపినారు. కేంద్రంలో పూటపూటకూ పాలు, పిండి, గ్రుడ్డు దొరికినవి. ఇంటికి వచ్చిన రెండు వారాలకు వల ఒడ్డుకెక్కినది. తల్లి కూలికి పోక తప్పదు. బిడ్డ ముసలమ్మ ఒడిలో ఉండవలసి వచ్చినది. ఇంటికి పోయిన తొలి నెలలలోనే రోగం తిరగబెట్టటం అధికమని పరిశోధనలు చెప్తున్నవి. ఆ తొలి నెలలే ఈ ఇంటికి వేట లేని నెలలు. ఎవరి తప్పూ లేకుండానే బిడ్డ తిరిగి చిక్కిపోవచ్చును.

అటువంటి వేళ ఆ బిడ్డకు దిక్కు ఆసుపత్రి కాదు, ఊరిలోని అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఇప్పుడు ఊరూరా విస్తరించి ఉన్నది. నియమిత కాలానికి బిడ్డను తిరిగి కేంద్రానికి తీసుకురావాలని ఏర్పాట్లున్నవి. కాని రానుపోను ఒక దినపు కూలి పోవలసి వచ్చినప్పుడు తల్లి రాలేకపోతే, అంగన్‌వాడీ కార్యకర్త ఆ ఇంటి గుమ్మం ఎక్కాలి. జబ్బకు కొలనాడా చుట్టి, తూకం వేసి, పుస్తకంలో వ్రాసుకోవాలి. రాగిజావలో పప్పుపొడి, నూనె చుక్క కలిపి రోజుకు అయిదారు మార్లు పెట్టమని తల్లికే గాక ముసలమ్మకూ చెప్పాలి. బిడ్డకు విరేచనాలు పట్టినప్పుడు తిండి మాన్పించవద్దని హెచ్చరించాలి. అన్నింటికంటె ముఖ్యంగా, తల్లి ఏమి తిన్నదని అడగాలి. ఈ చివరి ప్రశ్నే రామలింగస్వామి శాస్త్రలోకానికి నేర్పినది.

ఇందులో బడికి కూడా పాత్ర లేకపోలేదు. చిక్కిన బిడ్డకు అక్కయో అన్నయో బడిలో ఉంటారు. పది రోజులుగా బడికి రాని పదేండ్ల పిల్ల ఇంటివద్ద చంటిబిడ్డను ఎత్తుకొని కూర్చున్నదని ముందుగా తెలిసేది ఉపాధ్యాయునికే. ఆయన ఆ మాట అంగన్‌వాడీలో చెప్పితే, అది ఒక వైద్యసేవే. ఒకప్పుడు ఆకలి రోగం పడి లేచిన బిడ్డ అయిదేండ్లకు ఒకటవ తరగతిలో కూర్చుండి అక్షరాలు మరచిపోతూ ఉంటే, ఓర్పుతో మరొకసారి దిద్దించటమూ వైద్యసేవే. హైదరాబాదు పరిశోధనలో ఏండ్లు గడచిన కొద్దీ తగ్గిన తేడా ఆ ఓర్పు వృథా కాదని సూచిస్తున్నది.

నాగావళి ఒడ్డున పుట్టి, కూనూరు కొండ ఎక్కి, ఆక్స్‌ఫర్డు చూసి, ఢిల్లీలో స్థిరపడి, ప్రపంచ సంస్థలకు సలహా చెప్పిన ఈ మహనీయుని కృషిలో తెలుగువారు గర్వించవలసినది ఎంతో ఉన్నది. కాని గర్వించటం సులభం. ఇంటికి పంపిన బిడ్డను పదిహేను రోజులకు, నెలకు, మూడు నెలలకు, మరుసటి ఏడాదికి వెళ్లి చూసి రావటం కష్టం. ఆ కష్టమైన పని ప్రతి ఊరిలో ఎవరో ఒకరు చేయనంతవరకు, ఆసుపత్రుల పుస్తకాలలో నయమైనారు అని వ్రాసిన మాట సగం నిజంగానే మిగిలిపోతుంది.